కుదువలో ఉన్న బాల్యం: నెల్లూరు తీరపు వలస పిల్లలు – తెలుగు కథన రీతులు

తెలుగు పత్రికాభాషలో 'అక్రమ రవాణా' అన్న సమాసానికి చాలా పని ఉంది. నెల్లూరు జిల్లా వార్తలనే తీసుకుంటే వెలుగొండ అడవుల నుంచి ఎర్రచందనం, పెన్నానది నుంచి ఇసుక, చిల్లకూరు, కోట మండలాల నుంచి సిలికా, చౌకధరల దుకాణాల నుంచి బియ్యం అక్రమంగా రవాణా అవుతుంటాయి. పిల్లలకు కూడా అదే మాట. 'బాలల అక్రమ రవాణా' అన్న శీర్షిక కింద వచ్చే వార్తలో సాధారణంగా ఒక రైలుపెట్టె, ఒక స్టేషను, కొందరు పిల్లలు, వారిని దింపించిన రైల్వే పోలీసులు ఉంటారు. విజయవాడ–గూడూరు–చెన్నై రైలుమార్గం సాగే సీమలో అటువంటి వార్త అసహజమేమీ కాదు. అయితే ఆ సమాసం తనతోపాటు ఒక ఊహాచిత్రాన్ని వెంటబెట్టుకు వస్తుంది. అందులో బిడ్డ సరుకు, నేరస్థలం దారి, నేరం అనుమతిపత్రం లేకపోవడం. 'అక్రమ' అన్న విశేషణం సక్రమమైన రవాణా మరొకటి ఉందని చెప్పకనే చెబుతుంది. ఇసుక విషయంలో ఆ తేడాను బిల్లు తేలుస్తుంది. బిడ్డ విషయంలో ఏది తేలుస్తుంది?

చట్టం ఈ నేరాన్ని ఇంత ఇరుకుగా చూడలేదు. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రోటోకాల్‌ను భారతదేశం 2011లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్‌ను తిరగరాశారు. 2024 జూలై 1 నుంచి అదే నిబంధన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌గా అమలులో ఉంది. దోపిడీ నిమిత్తం మనిషిని పనికి చేర్చుకోవడం, తరలించడం, తన వద్ద ఉంచుకోవడం, ఇంకొకరికి అప్పగించడం, అప్పగించగా తీసుకోవడం – ఈ అయిదు క్రియల్లో ఏది చేసినా నేరమే. అంతర్జాతీయ ప్రోటోకాల్ పిల్లల విషయంలో మరో అడుగు ముందుకు వేసింది. పద్దెనిమిదేళ్ళ లోపు వారి మీద బలప్రయోగం జరిగిందా, మోసం జరిగిందా అన్న విచారణే అక్కరలేదు. ఈ అయిదు క్రియల్లో దారికి సంబంధించినది ఒక్కటే. తెలుగు ఆ ఒక్కదానినే పారిభాషిక పదంగా నిలబెట్టుకుంది. రాజ్యాంగం 23వ అధికరణానికి హిందీ పాఠం ఇదే భావనకు 'దుర్వ్యాపార్' అన్న మాటను ఎంచుకుంది. వ్యాపారమంటే కొనేవాడు, అమ్మేవాడు, ధర, లెక్క స్ఫురిస్తాయి. రవాణా అంటే లారీ స్ఫురిస్తుంది.

పదం ఎంపిక పదకోశానికే పరిమితమైన వ్యవహారమైతే దీని మీద ఇంత చర్చ అనవసరం. నెల్లూరు తీరంలో పిల్లలు పనిలోకి వెళ్ళే తీరు అత్యధికంగా దారికి సంబంధించినది కాకపోవడమే ఇక్కడి చిక్కు.

తీరం, బాకీ

కావలి నుంచి తడ వరకు ఉన్న ఈ తీరంలో రొయ్యల గుంటలు, ఉప్పు కయ్యలు, సరుగుడు తోటలు, ఇటుక బట్టీలు, పంట కోసిన మళ్ళలో తిరిగే బాతుల మందలు జీవనోపాధికి ఆధారాలు. వీటిలో కాపలా, కర్ర కొట్టడం, బాతులు మేపడం వంటి పనుల్లో యానాదులు అధికంగా కనిపిస్తారు. వారి స్థానచలనానికి చరిత్ర ఉంది. 1835లో శ్రీహరికోట ప్రభుత్వాధీనంలోకి వచ్చినప్పుడు అక్కడి అడవి ఉత్పత్తుల మీద బతుకుతున్న యానాదులు పాలనా పత్రాల్లోకి ఎక్కారు. 1873లో వెలువడిన బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్, 1909 నాటి థర్‌స్టన్ సంపుటాలు వారిని వర్ణించాయి. 1969లో అదే దీవిని రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశాక ద్వీపవాసులు మరొకసారి కదలవలసి వచ్చింది. 2022 పునర్విభజనలో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరడంతో పులికాట్ ఒడ్డున ఉన్నవారికి జిల్లా పేరు కూడా మారింది. మనిషి కదలకపోయినా చిరునామా కదలడం అంటే ఇదే.

ఈ కుటుంబాల వలసలో దూరం తరచూ తక్కువగానే ఉంటుంది. ఒక ఊరి గుంట నుంచి పక్క మండలం గుంటకు, అక్కడి నుంచి సరిహద్దు దాటి తమిళనాడు తిరువళ్ళూరు జిల్లా బట్టీకి. దూరం కన్నా ముఖ్యమైనది ముందుగా చేతికి వచ్చే డబ్బు. పెళ్ళికో, చావుకో, జబ్బుకో అడ్వాన్సు తీసుకుంటారు. పని చేస్తూ తీర్చాలి. తిండి ఖర్చు, వడ్డీ, పనికి రాని రోజుల కోత కలుస్తూ పోతే బాకీ తరగదు. యజమాని దగ్గర పద్దు ఉంటుంది, కూలివాడి దగ్గర ఉండదు. ఈ వ్యవస్థలో బిడ్డ రెండు విధాలుగా చిక్కుకుంటుంది. తల్లిదండ్రుల పనిలో చేయి కలిపే లెక్కలేని కూలిగా ఒకటి; తల్లిదండ్రులు మరొకచోటికి వెళ్ళవలసి వస్తే బాకీకి హామీగా నిలిచిపోయే మనిషిగా ఇంకొకటి.

రెండవ దానికి ఈ ప్రాంతపు తెలుగులో తగిన మాట ఉంది: కుదువ. నగ కుదువ పెట్టినట్టే, పొలం కుదువ పెట్టినట్టే. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన పిల్లల శ్రమ కుదువ చట్టం ఈ భావననే పట్టుకుంది. పదిహేనేళ్ళ లోపు బిడ్డ శ్రమను అప్పుకు హామీగా పెట్టే ఒప్పందం చెల్లదని అది చెప్పింది. అటువంటి ఒప్పందం చేసుకున్న తల్లిదండ్రులకు 50 రూపాయలు, పనిలో పెట్టుకున్నవారికి 200 రూపాయల వరకు జరిమానా విధించింది. శిక్ష స్వల్పం, దృష్టి మాత్రం సరైనది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం దాన్ని విస్తరించి, రుణగ్రహీత తాను గాని, తన కుటుంబ సభ్యుల ద్వారా గాని శ్రమను ఇచ్చే ఏ ఏర్పాటునైనా వెట్టిగా గుర్తించింది. పొరుగు భాష ఒడియాలో వలస కూలిని 'దాదన్' అంటారు. ముందుగా ఇచ్చే సొమ్మును సూచించే మాట అది. ఒడిశా నుంచి ఆంధ్ర, తెలంగాణ బట్టీలకు కుటుంబాలతో వచ్చే కూలీలను ఆ భాష వారి ప్రయాణంతో గాక వారు తీసుకున్న సొమ్ముతో గుర్తుపట్టింది. తెలుగులో 'వలస' అన్న మాటకు ఆ స్ఫురణ లేదు. పక్షికీ వలసే, కూలికీ వలసే.

2025 మే నెలలో తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతం నుంచి వెలుగులోకి వచ్చిన ఒక కేసు ఈ మాటల తేడాను స్పష్టం చేస్తుంది. బాతులు మేపే పనిలో ఉన్న ఒక యానాది కుటుంబం 25 వేల రూపాయలు అప్పు తీసుకుంది. భర్త చనిపోయాక తల్లి అక్కడి నుంచి వెళ్ళిపోదామంటే వడ్డీతో 45 వేలు కట్టాలని, కట్టేదాకా కొడుకును హామీగా వదిలి వెళ్ళాలని యజమాని పట్టుబట్టినట్టు ఆరోపణ. ఆమె సొమ్ము సమకూర్చుకుని తిరిగి వచ్చేనాటికి తొమ్మిదేళ్ళ ఆ బాలుడు లేడు. పారిపోయాడని మొదట చెప్పారు. అతను మరణించాడని, కాంచీపురం దగ్గర గుట్టుగా పూడ్చిపెట్టారని తరువాత పోలీసుల విచారణలో బయటపడింది. ఈ కథలో రైలు లేదు, దళారి లేడు, ఎవరూ బిడ్డను ఎత్తుకుపోలేదు. 'అక్రమ రవాణా' అన్న మాట వినగానే మనసులో మెదిలే బొమ్మలో ఇది ఇమడదు. చట్టం చెప్పిన అయిదు క్రియల్లో 'తన వద్ద ఉంచుకోవడం' ఇక్కడ ప్రధానం. ఉంచుకున్నంత కాలం చుట్టుపక్కల వారి కంటికి అది నేరంలా కనిపించలేదంటే ఆశ్చర్యపడనక్కరలేదు. వారి భాషలో అది 'పిల్లోడు జీతం ఉండాడు' అన్న మామూలు వాక్యం.

ఊరు ఉన్న బాల్యం

తెలుగు కథాసాహిత్యం పిల్లలను పట్టించుకోలేదని అనడం సరికాదు. గడచిన నాలుగు దశాబ్దాల్లో బాల్య కథనం ఒక బలమైన ప్రక్రియగా ఎదిగింది. నామిని 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు', వంశీ 'మా పసలపూడి కథలు' – వీటి పాఠకవర్గం సాహిత్య విద్యార్థులను దాటి విస్తరించింది. ఖదీర్‌బాబు కావలి వాడు. నెల్లూరు మాండలికానికి వచన సాహిత్యంలో దక్కిన గౌరవంలో ఆయన కథల వాటా పెద్దది. పేదరికాన్ని నవ్వుతో చెప్పడం, తల్లిని కేంద్రంలో నిలపడం, ఇరుగుపొరుగు మతాల సహజీవనాన్ని పండుగల ద్వారా పట్టుకోవడం వీటి గుణాలు.

ఈ శీర్షికల వైపు మరొకసారి చూడాలి. మిట్ట, బండ, ఊరు – బాల్యానికి ఒక చోటు ఉంది. ఆ చోటే కథనానికి ఆధారం. చోటు ఉన్నందువల్ల బడి ఉంది. బడి ఉన్నందువల్ల పంతులు, స్నేహితుడు, ఎండాకాలం సెలవులు ఉన్నాయి. అన్నిటికీ మించి పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసి రాయగలిగే చదువు ఉంది. స్మృతికి స్థలం కావాలి. ఏటా మూడు చోట్ల గుడిసె వేసుకునే పిల్లవాడికి ఈ ప్రక్రియ తలుపు తెరవదు. అతని జ్ఞాపకాలకు శీర్షికగా పెట్టదగిన ఊరి పేరు లేదు. ఉన్నవి యజమానుల పేర్లు. ఫలానా వారి గుంట కాడ ఉన్నప్పుడు తమ్ముడు పుట్టినాడు, ఫలానా వారి బట్టీ కాడ ఉన్నప్పుడు నాయన పోయినాడు అన్నట్టు కాలాన్ని లెక్కించే జీవితంలో బాల్యకథ ఎలా ఉంటుందన్నది తెలుగులో ఇంకా పరీక్షకు నిలవని ప్రశ్న. ఈ రచయితలను తప్పుపట్టడానికి ఇది ఆధారం కాదు. తాము గడిపిన బాల్యాన్ని వారు నిజాయితీగా రాశారు. అయితే ఈ కథలను 'తెలుగు బాల్యం' అని సామాన్యీకరించే విమర్శ మాత్రం ఊరు ఉన్నవారి బాల్యాన్ని అందరి బాల్యంగా చెలామణీ చేస్తోంది.

ఊరు లేనితనాన్ని నెల్లూరు తీరం నేపథ్యంలో చిత్రించిన నవల ఒకటి ఉంది. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) రూతు జ్ఞాపకాల ద్వారా తరాల కథ చెబుతుంది. బాలుడైన ఎల్లన్న ఊరు విడిచి పారిపోవడం, మరో పల్లెలో నాగన్న చేరదీయడం అందులోని తొలి ఘట్టాల్లో ఒకటి. ఆ తరువాతి తరంలో శివయ్య, శశిరేఖ కరువు బారినపడి బకింగ్‌హామ్ కాలువ పనికి బయలుదేరుతారు. 1876–78 నాటి మహాక్షామంలో ఆ కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని మాదిగలకు పని కల్పించిన సంగతి చరిత్రలో నమోదైంది. నవలలో తోటి కూలీలే వారిని అంటరానివారని పనిలోకి రానీయరు. వలస వెళ్ళినంత మాత్రాన కులం వెనక ఆగిపోదని, పని దొరకడం కూడా కులం నిర్ణయించే విషయమని ఈ ఘట్టం తిరుగులేకుండా నిరూపిస్తుంది. వలస బాల్యాన్ని చెప్పడానికి ఈ నవల చూపిన దారి గమనింపదగ్గది. ఒక మనిషి స్మృతికి బదులు తరాల పరంపరను, ఊరికి బదులు పాటను కథకు ఆధారం చేసుకుంది. ఊరు పోయినా పాట వెంట వస్తుంది. అయితే నవల దృష్టి ప్రధానంగా అవమానం మీద, దాన్ని ఎదిరించడం మీద నిలిచింది. అప్పు, వడ్డీ, హామీ అన్న ఆర్థికసూత్రం అందులో నేపథ్యానికే పరిమితమైంది. నవల లక్ష్యం దృష్ట్యా అది లోపం కాదు గాని, ఈ చర్చకు కావలసిన పని అందువల్ల మిగిలిపోయింది.

పద్దు చదివిన నాటకం

ఆ పనికి తెలుగులో దగ్గరి పూర్వరూపం వెతికితే అది ఉత్తరకోస్తాలో, నూటపాతికేళ్ళ కిందటి నాటకంలో దొరుకుతుంది. 'కన్యాశుల్కం' గురించి కొత్తగా చెప్పేదేముందని అనిపించవచ్చు. వేశ్యాసమస్య, వితంతు వివాహం, గిరీశం మాటకారితనం, వ్యావహారిక భాష – ఈ నాలుగింటి మీద విమర్శ గుట్టలుగా పేరుకుంది. ఆ నాటకం పిల్లల విక్రయం గురించినదన్న మొదటి సంగతి ఆ గుట్టల కింద పడిపోయింది.

1897 నాటి తొలి కూర్పుకు గురజాడ రాసిన ఆంగ్ల పీఠిక ఒక గణాంక పత్రం. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలానికి సేకరింపజేసిన జాబితాలో శుల్కం తీసుకుని చేసిన వివాహాలు 1034 తేలాయి. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వారు 44, మూడేళ్ళ వారు 36, రెండేళ్ళ వారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురి ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం జరిగిన సందర్భాలున్నాయని ఆయన చెప్పారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం జంకుతారు గనుక జాబితా సంపూర్ణం కాదని కూడా హెచ్చరించారు. బిడ్డ వయసు పక్కన ధర వేసి చూపిన ఈ పీఠిక తెలుగు సాహిత్యంలో బాలల వ్యాపారం మీద వచ్చిన తొలి ప్రచార రచనల్లో ఒకటిగా లెక్కకు రావాలి. 'అయ్యో' అన్న మాట అందులో తక్కువ, అంకెలు ఎక్కువ.

నాటకం ఆ అంకెలకు వ్యవస్థను జోడించింది. సుబ్బిని లుబ్ధావధానులుకు పద్దెనిమిది వందలకు ఇవ్వడానికి అగ్నిహోత్రావధానులు బేరం కుదుర్చుకుంటాడు. అతని పెద్ద కూతురు బుచ్చమ్మ అటువంటి బేరానికే ముందే బలి అయింది. ఆ డబ్బు పోయేది వ్యాజ్యాలకు. మధ్యలో రామప్పంతులు. తండ్రి క్రూరుడు గనుక కూతురిని అమ్మాడని నాటకం చెప్పదు. కోపిష్ఠి, మూర్ఖుడు, తన దృష్టిలో ధర్మపరుడు. అమ్మకం అతనికి తప్పుగా తోచకపోవడానికి చుట్టూ ఉన్న లెక్క దాన్ని మామూలు వ్యవహారంగా మార్చడమే కారణం. తల్లిదండ్రుల దుర్మార్గాన్ని కారణంగా చూపి కథ ముగించే నేటి ప్రచార నాటికలు చాలావాటికన్నా గురజాడ విశ్లేషణ లోతైనది.

నాటకంలో విమర్శకులు తక్కువగా పట్టించుకున్న మరో బిడ్డ ఉన్నాడు. సుబ్బిని తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తక్కువ ధరకు దొరికే పెళ్ళికూతురిగా లుబ్ధావధానులు ఇంటికి పంపుతాడు. ఒక బిడ్డను విడిపించడానికి మరొక బిడ్డ అమ్ముడుపోతాడు. వాడు ఇతరుల ఇంట్లో తిండి తిని బతికే అనాథప్రాయుడైన విద్యార్థి. పనికి ప్రతిఫలంగా గురువు తన కూతురిని ఇస్తానని మాట ఇస్తాడు. ఇదంతా హాస్యంగా సాగుతుంది, సాగాలి కూడా. కాని హాస్యం తీసేసి చూస్తే మిగిలేది పెద్దల మంచి ఉద్దేశానికి వాడుకోబడిన పేదపిల్లవాడు. సుబ్బి గొంతు నాటకంలో దాదాపు వినిపించదు. మహేశం గొంతు వేషంలో వినిపిస్తుంది. రక్షణ పేరిట జరిగే పనిలో పిల్లల ఇష్టాయిష్టాల స్థానమేమిటన్న ప్రశ్న ఈ నాటకంలో ఉంది. గురజాడ దాన్ని ఉద్దేశించి ఉంచారా లేదా అన్నది వేరే చర్చ.

రక్షణకు ఉన్న చరిత్ర

ఆ ప్రశ్న నెల్లూరు తీరంలో ఊహాజనితం కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం 17వ సెక్షన్ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆధ్వర్యంలో ఎరుకల సెటిల్‌మెంటు నడిచింది. పిల్లలను మంచివారిగా తీర్చిదిద్దడమే ఆ ఏర్పాటు ప్రకటిత లక్ష్యం. యానాదుల మీద కూడా ఈ చట్టం నీడ పడింది. దాన్ని తొలగించడానికి జీవితాన్ని వెచ్చించిన నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య. యానాదుల సేవకు సంఘం స్థాపించి, వారి మీద, సంచారజాతుల మీద గ్రంథాలు రాసిన ఆయనకు 1973లో పద్మభూషణ్ లభించింది. బాస్వెల్, థర్‌స్టన్ల దృష్టికి యానాది ఒక నమూనా. రాఘవయ్య దృష్టికి ఒక కక్షిదారు. ఆయన వచనంలో సేవాదృక్పథపు పెద్దరికం లేకపోలేదు. అయినా అధికారి చేతి కాగితం ఈ జనం బతుకులో ఏమి చేస్తుందో ఆయనకు తెలిసినంతగా తెలిసిన తెలుగు రచయితలు తక్కువ.

ఈ చరిత్ర వెలుగులో చూస్తే ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరుతో జరిగే తనిఖీలను చూసి గుడిసెలోని తల్లి బిడ్డను దాచడాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయలేం. ప్రచార సాహిత్యం ఆమెకు చెప్పవలసింది బిడ్డ విలువ కాదు. అది ఆమెకు తెలుసు. బాకీ చట్టరీత్యా చెల్లదన్న సంగతి ఆమెకు తెలియాలి. 1976 చట్టం వెట్టిబాకీలను రద్దు చేసింది. మేజిస్ట్రేటు ఇచ్చే విముక్తి పత్రంతో పునరావాస సహాయం వస్తుంది. 2016 నాటి కేంద్ర పథకంలో పిల్లలకు, స్త్రీలకు దాన్ని రెండు లక్షల రూపాయలుగా నిర్ణయించారు. పోస్టర్ల మీద కన్నీటి బొమ్మల పక్కన ఈ వాక్యాలు కనిపించడం అరుదు.

అక్షరం పనిచేసిన సందర్భం ఈ జిల్లాకు పరాయిది కాదు. 1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో చదివించిన 'సీతమ్మ కథ' వంటి పాఠాలు దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటానికి ప్రేరణ అయ్యాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాలకు సాహిత్యగౌరవం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని అవీ అడగలేదు. వాటి బలం సారాను నీతిసమస్యగా గాక ఇంటి ఆదాయవ్యయ సమస్యగా స్త్రీలు చదువుకునే వీలు కల్పించడంలో ఉంది.

నిర్వచనాన్ని మార్చడం ద్వారా ఉద్యమాన్ని నిర్మించిన మరో ఉదాహరణకు కూడా నెల్లూరుతో సంబంధం ఉంది. నెల్లూరులో జన్మించిన శాంతా సిన్హా తన తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో నెలకొన్న ఫౌండేషన్ ద్వారా బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. 2003లో రామన్ మెగసెసే పురస్కారం, 2007 నుంచి జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్ష పదవి ఆమెకు లభించాయి. ప్రమాదకర పని, ప్రమాదం లేని పని అన్న పాత విభజనను ఈ సూత్రం పక్కకు నెట్టి, బడిని ఏకైక కొలమానం చేసింది. బోయి భీమన్న 'పాలేరు' నాటకం స్వాతంత్ర్యానికి పూర్వమే ఈ దిశగా ఆలోచించింది. పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి కావడం దాని ఇతివృత్తం. అయితే భీమన్న పాలేరుకూ, శాంతా సిన్హా సూత్రానికీ ఒక స్థిరమైన ఊరి బడి ఆధారం. ఆరునెలలు బట్టీ దగ్గర ఉండే బిడ్డ పేరు హాజరుపట్టీలో ఉంటుంది, బిడ్డ ఉండదు. ఆ గైర్హాజరు కారణాల గడిలో 'వలస' అని రాసి ఊరుకుంటే పద్దు మళ్ళీ కనుమరుగవుతుంది.

ఈ విషయం మీద కథ రాయబూనిన రచయితకు చట్టం ఒక ఆంక్ష పెట్టింది. 2015 నాటి బాలల న్యాయచట్టం 74వ సెక్షన్ ప్రకారం బాధిత బాలల పేరు, చిరునామా, బడి, గుర్తింపుకు దారితీసే మరే వివరమూ పత్రికల్లో ప్రకటించకూడదు. బాల్యకథకు ప్రాణమనుకున్న ఊరి పేరు, ఇంటిపేరు, పంతులు పేరు ఇక్కడ వాడరానివి. కల్పనకు ఆ నిషేధం నేరుగా వర్తించకపోయినా, నిజమైన కేసును ఆధారం చేసుకునే రచన దాని స్ఫూర్తిని విస్మరించలేదు. మిగిలేవి బాకీ మొత్తం, వడ్డీ రేటు, అడ్వాన్సు ఇచ్చిన తేదీ, బిడ్డ చేసిన పని గంటలు, పద్దు రాసిన చేయి. వీటిని దాచమని ఏ చట్టమూ చెప్పలేదు. 1034 వివాహాల పీఠికలోనూ ఒక్క పిల్ల పేరు లేదు.